వెండి డాలరు మీద ఉన్న అంకె

మా నాయన పోయాక ఆయన నాణేల పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఇల్లు తమ్ముడికి, పెట్టె నాకు. టేకు పెట్టె అది. మూత తీయగానే ఇత్తడి, కర్పూరం, కొంచెం మెషీన్ ఆయిలు కలిసిన వాసన వస్తుంది. పోయిన నెల బెంగళూరు నుంచి ఒక కుర్రవాడు దాన్ని చూడటానికి వచ్చాడు. పాత అమెరికా వెండి నాణేలు కొనేవాళ్ళ తరఫున ఊళ్ళు తిరుగుతాడట. ఒక్కొక్క నాణేన్నీ బల్ల మీద పెట్టి ఫోనుతో ఫోటో తీస్తే, ఆ ఫోనే దాని పేరూ ఊరూ ధరా చెప్పేస్తోంది. నాయన ఒక్క నాణెం ముందు ఒక ఆదివారమంతా కూర్చునేవాడు. ఈ అబ్బాయి నేనిచ్చిన కాఫీ చల్లారేలోపు పెట్టె మొత్తం ముగించాడు. ముగించి, "ఆంటీ, ఇన్ని మంచి డాలర్లు ఉన్నాయి, ట్రేడ్ డాలర్ ఒక్కటీ లేదే! మన పక్క దొరికేది అదే కదా, మలయా దారిలో వచ్చి. మీ నాన్నగారికి తగలనే లేదా?" అన్నాడు. తగిలిందని చెప్పాను. చేతి దాకా వచ్చి పోయిందని చెప్పాను. వాడు దాని ధర చెప్పబోతే వద్దన్నాను. వాడు వెళ్ళగానే పెట్టె మూసి తాళం వేశాను. ఇన్నేళ్ళయినా ఆ నాణెం మాట నేను వినలేను.

మా ఇల్లు అప్పట్లో మత్తిగిరిలో ఉండేది, పశువుల ఫారం గోడకు రెండు వీధుల ఇవతల. వాన పడితే ఊరంతా తడిసిన గడ్డివాసన. నాయన హోసూరులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో పనిచేసేవాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్క పక్కన పడేసే పని అది, ఆ గుణమే ఇంట్లోనూ చూపించేవాడు. అన్నంలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే కనిపెట్టేవాడు. మా అమ్మ చీర కుచ్చిళ్ళు ఒక పక్కకు జరిగితే చెప్పేవాడు. అమ్మ "నన్నూ మీ వెర్నియర్ పెట్టి కొలవండి" అని విసుక్కునేది. ఆదివారం పొద్దున తలస్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, ఉతికిన తెల్ల తువ్వాలు పరిచి దానిమీద నాణేలు పేర్చేవాడు. ఆ తువ్వాలు మీదికి ఊపిరి కూడా గట్టిగా విడవకూడదు. అవ్వ వంటింట్లో సంగటి కెలుకుతూ, ఆ గిన్నె కాళ్ళ మధ్య ఇరికించుకుని తెడ్డు తిప్పుతూ, అక్కడి నుంచే కొడుకును ఆడిపోసుకునేది.

అవ్వకు ఆ నాణేల మీద ఒకటే ఫిర్యాదు. మా పక్క డాలరంటే గొలుసుకు వేలాడే బిళ్ళ. బంగారు డాలరు, వెంకటేశ్వరస్వామి డాలరు, లక్ష్మి డాలరు. అలాంటిది కొడుకు 'అమెరికా డాలరు' అని వెండి బిళ్ళలు తెచ్చి పెట్టెలో దాచిపెడుతుంటే ఆమెకు అంతు పట్టేది కాదు. "డాలరంటావు, పెట్టిలో పెడతావు. బొక్క కొట్టియ్యి రామచంద్రా, పాపకు గొలుసులో ఏస్తాను" అనేది. నాయన ముఖం పాలిపోయేది. ఒకసారి అవ్వ నిజంగానే ఒక డాలరును కొంగులో ముడేసుకుని కంసాలి ఆచారి దగ్గరికి బయలుదేరితే, నాయన బనీను మీదే బస్టాండు దాకా పరిగెత్తాడు. తెచ్చి పెట్టెలో పెట్టి తాళం వేశాక గానీ నీళ్ళు కూడా తాగలేదు. మేం నవ్వలేక చచ్చాం.

ఆ నాణేలు మా పక్కకు ఎట్లా వచ్చాయో అప్పుడు నాకు వింతగా ఉండేది. యుద్ధకాలంలో బెంగళూరులో దిగిన దొరల దగ్గర పనిచేసినవాళ్ళు, మిషను ఆసుపత్రిలో ఆయాలుగా చేసినవాళ్ళు, మలయా, సింగపూరు పోయి తిరిగి వచ్చినవాళ్ళు, వీళ్ళ ఇళ్ళలో ఒకటీ అరా ఉండేవి. మనవరాలికి కాలిగొలుసులు చేయించాలన్నప్పుడు అవి కృష్ణగిరి పాతపేటలో ఆచారి కొట్టుకు చేరేవి. కరిగించేలోపు మా నాయన అక్కడ ఉండాలి. అందుకే నెలకు ఒకసారి నన్ను వెంటబెట్టుకుని కృష్ణగిరి బస్సెక్కేవాడు. ఎండాకాలమైతే పాతపేట వీధి మొదటినుంచి చివరిదాకా మామిడికాయల వాసన, ఆచారి కొట్టు లోపల మాత్రం బొగ్గు, నవాసారం వాసన. ఆచారి ఒక రేకు డబ్బా ముందుకు తోసేవాడు. నాయన అందులో చెయ్యి పెట్టి, చూడకుండానే, ఈగిల్ పక్షి రెక్కను బొటనవేలితో తడిమి పట్టుకునేవాడు. వెండికి వెండి ఇచ్చి తెచ్చుకునేవాడు.

అసలుదో నకిలీదో తేల్చడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. మొదట కడపరాతి బండ మీద జారవిడిచి మోత వినాలి. తరువాత అంచు మీద గాట్లు భూతద్దంలో చూడాలి. చివరికి త్రాసు. అమెరికా వెండి డాలరు ఏ ఏడు అచ్చయినా ఒకటే బరువు ఉంటుందని ఆయనకు గట్టి నమ్మకం. దానికి ఆధారం బెంగళూరులో ఎవరి దగ్గరో పెద్ద కేటలాగు చూసి జెరాక్సు తీయించుకున్న పేజీలు. ఆడమనిషి తలకాయ ఉన్న డాలర్ల పేజీలు మాత్రమే తీయించాడు, జెరాక్సు ఖర్చు ఎక్కువని మిగతావి వదిలేశాడు. ఆ కాయితాలు ఆయనకు వేదం. ఫ్యాక్టరీలో, వీధిలో, పెళ్ళిళ్ళలో ఎవరి దగ్గర పాత బిళ్ళ ఉన్నా మా ఇంటికే తెచ్చేవాళ్ళు. నాయన పద్ధతి ప్రకారం అన్నీ చూసి ఒకటే మాట చెప్పేవాడు. "ఒరిజినల్" అంటే వచ్చినవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుపోయేవాళ్ళు. "డూప్" అంటే మా గడపలోనే వదిలేసి పోయేవాళ్ళు. ఆ మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు. నాకైతే నాయన జడ్జి కంటే ఎక్కువ.

సరళ మా చిన్నత్త, నాయనకు చివరి చెల్లెలు. నా జడ వేసేది ఆమే, నా లెక్కలు చెప్పేది ఆమే. ఆమెకు సూళగిరి దగ్గర ఊరినుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు గోపాలప్ప. టమోటా, చేమంతి పండించే కుటుంబం. తండ్రి లేడు, తల్లి మునెమ్మే సేద్యం నిలబెట్టింది. పెళ్ళిచూపులకు వచ్చినరోజు గోపాలప్ప మా నాయన పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క నాణెం గురించి అడుగుతుంటే, నాయన పొంగిపోయాడు. అంత శ్రద్ధగా విన్న మనిషి అప్పటిదాకా ఆయనకు దొరకలేదు. పోయేముందు ఆ అబ్బాయి అన్నాడు: "మా ఇంట్లో కూడా ఒకటి ఉండాది అన్నా. మా తాత పినాంగులో పనిచేసి వచ్చేటప్పుడు తెచ్చినాడు. మా యమ్మ దేవుని గూట్లో పెట్టి పూజ చేస్తాది." నాయన "తెచ్చి చూపీప్పా" అన్నాడు. తలుపు వెనక నిలబడిన అత్త నా భుజం గిల్లింది. రాత్రి పడుకునేటప్పుడు "మనిషి నెమ్మది గదా పాపా" అని నన్నే అడిగింది. ఆమెకు నచ్చాడు. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

తాంబూలాలు మార్చుకునే రోజు ఇల్లంతా ఓబట్ల వాసన. అమ్మ, అవ్వ ముందురోజు నుంచి పూర్ణం రుబ్బారు. వాళ్ళు వ్యానులో వచ్చారు. పండ్లు, పూలు, చీర, కొబ్బరికాయలు, అన్నీ తట్టల్లో పేర్చి తెచ్చారు. చీర మీద, ఒక పసుపు గుడ్డ విప్పి, మునెమ్మ ఒక పెద్ద వెండి బిళ్ళ పెట్టింది. "మా మామ సొమ్ము. గోపాలు తాత. మీ యన్నకు ఇట్లాంటివంటే ప్రాణమంట గదా తల్లీ, అందుకే తెచ్చినాను. ఇంక ఇది మీ ఇంటిది" అంది. నాకు ఆ మాట ఈరోజుకీ చెవిలో ఉంది. ఆమె అది అత్తకోసం కూడా కాదు, మా నాయన ఇష్టం తెలిసి తెచ్చింది. పూజలో ఉన్న వస్తువు తెచ్చి మా చేతుల్లో పెట్టింది.

పెద్దనాయన, అంటే నాయనకు పెదనాయన కొడుకు, రిటైరైన హెడ్మాస్టరు. ఇంగ్లీషు కనబడితే పైకి చదవకుండా ఉండలేడు. ఆ బిళ్ళ చేతికి తీసుకుని కళ్ళద్దాలు సవరించుకుని మొదలుపెట్టాడు. ఒక పక్క కూర్చున్న ఆడమనిషి, ఇంకో పక్క రెక్కలు చాచిన ఈగిల్, దేశం పేరు. బాగానే సాగింది. కింద వరసకు వచ్చేసరికి ఆగాడు. మళ్ళీ చూశాడు. "ఫోర్ ట్వంటీ" అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. "నిజంగానే రాసుండాది. ఫోర్ ట్వంటీ గ్రెయిన్స్. గ్రెయిన్స్ అంటే గింజలు. దుడ్డు మీద గింజలెందుకురా? ఆ పక్కనే చూడండి, నైన్ హండ్రెడ్ ఫైన్! ఫోర్ ట్వంటీ కేసుకు తొమ్మిదివందలు ఫైనంట!"

ఇల్లు పగిలేలా నవ్వారు. మోసానికి ఫోర్ ట్వంటీ అని పేరున్న దేశంలో, నాణెం తనమీద తానే ఆ అంకె వేసుకుని, పక్కన జరిమానా కూడా రాసుకుని వస్తే నవ్వరా? వాళ్ళ తరఫువాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్ళ వ్యాను డ్రైవరు వాకిట్లో నిలబడి, ఏమిటని అడిగి తెలుసుకుని మరీ నవ్వాడు. నేనూ నవ్వాను, చిన్నదాన్ని, అందరూ నవ్వుతుంటే నవ్వాను. మునెమ్మకు ఏమీ అర్థం కాలేదు. నవ్వేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటిగా చూస్తూ, తనూ కొంచెం నవ్వబోయింది. గోపాలప్ప ఆమె చెవిలో చెప్పాడు. ఆ ముఖంలో రంగు పోవడం నేను చూశాను.

అప్పుడు అందరూ నాయనను చూశారు. ఆయన అక్కడే "పోనీలే, పూజ చేసుకున్న వస్తువు" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కానీ తన ఇంట్లో, తన ముందు ఒక డాలరు గురించి ప్రశ్న లేస్తే తేల్చకుండా ఉండగలడా ఆ మనిషి? త్రాసు తెప్పించాడు. ఇంటి నిండా చుట్టాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, తట్టలో తాంబూలం పక్కన త్రాసు నిలబెట్టి, ఒక పళ్ళెంలో తన డాలరు, ఇంకో పళ్ళెంలో వాళ్ళది పెట్టాడు. వాళ్ళ పళ్ళెం కిందికి దిగింది. అరగ్రాము తేడా. భూతద్దం పెట్టాడు. బిళ్ళ మీద అక్కడక్కడా చిన్న చిన్న పోటు గుర్తులు, ఏవో అర్థంకాని అక్షరాలు. జెరాక్సు కాయితాల్లో ఈ కూర్చున్న ఆడమనిషి బొమ్మే లేదు. "బరువు ఎక్కువుండాది. సీసం కలిసుంటాది. ఎవరో అనుమానం వచ్చి పోట్లు కూడా పొడిచి చూసినారు" అని, త్రాసు మడుస్తూ, ఫ్యాక్టరీలో ముక్క పక్కన పెట్టినంత మామూలుగా చెప్పాడు. "డూప్."

తరువాత జరిగింది తలుచుకుంటే నాకు నమ్మబుద్ధి కాదు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. మా పెద్దనాయన ఎంతోమంది పేదపిల్లలకు ఉచితంగా చదువు చెప్పిన మనిషి. ఆయన నోటినుంచే వచ్చింది, "ఇచ్చేటప్పుడే నకిలీది ఇస్తే రేపు ఇంకేమేం చూడాలో" అని. ఎవరో సై అన్నారు. అవ్వ ఒక్కతే లోపలినుంచి చేతి పిండితోనే వచ్చి, "దుడ్డు చూసి ఇస్తా ఉండామా పిల్లని? ఆ బిళ్ళ పారేసి తాంబూలం మార్చుకోండి" అని అరిచింది. అప్పటికే ఆలస్యమైపోయింది. పారేయమన్న మాటకే మునెమ్మ లేచింది. త్రాసు పక్కనుంచి బిళ్ళ తీసుకుని, కొంగుతో తుడిచి, ముడేసుకుంది. "మా మామ దొంగ కాదప్పా" అంది, మా నాయనతో మాత్రమే. నాయన తల వంచుకుని కాయితాలు సర్దుతున్నాడు. "పదరా గోపాలూ" అంది. గోపాలప్ప గడపలో ఆగి ఒకసారి లోపలికి చూశాడు. మా అత్త తల నిండా పూలతో మంచం పట్టెమీద కూర్చుని ఉంది. వాళ్ళు అన్నం తినకుండా వెళ్ళిపోయారు. ఓబట్లు రాశిగా మిగిలాయి, మేమే తిన్నాం. తియ్యగానే ఉన్నాయి, అదే నాకు భయం వేసింది.

అత్త ఆ తరువాత నాణేల పెట్టెను ముట్టుకోలేదు. ఇల్లు తుడుస్తూ వచ్చి, దాని చుట్టూ వదిలేసి పోయేది. కొంతకాలానికి కృష్ణగిరిలో మామిడి మండీవాళ్ళింటికి ఆమెను ఇచ్చారు. భర్త మంచివాడు, ఇద్దరు పిల్లలు. ఇంట్లో అందరూ "మేలే జరిగింది" అనుకున్నారు. ఫోర్ ట్వంటీ, ఫైను కథ మాత్రం మా చుట్టాల్లో ప్రతి పెళ్ళిలోనూ ఒకసారి చెప్పుకుని నవ్వేవాళ్ళు. నాయన కూడా నవ్వేవాడు.

నేను కాలేజీకి వచ్చేసరికి హోసూరు బస్టాండు పక్క వీధుల్లో బ్రౌజింగ్ సెంటర్లు వచ్చాయి. ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన చిన్న గదులు, లోపల ఉక్క. నాయన ఒకరోజు నాతో వచ్చాడు, తన డాలర్ల ఇప్పటి ధరలు చూడాలని. అమెరికా వెండి నాణేల పేజీ ఒకటి తెరిచాను. కిందికి జరుపుతూ పోతే ఇంకో బొమ్మ రావడం మొదలైంది. అప్పటి ఇంటర్నెట్టు తెలిసినవాళ్ళకు గుర్తుంటుంది, బొమ్మ పైనుంచి కిందికి వరస వరసగా దిగేది. మొదట ఆకాశం, తరువాత ఒక తల, చాచిన చెయ్యి. ఆడమనిషి, కూర్చుని ఉంది. నాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పక్క బొమ్మలో ఈగిల్ రెక్కలు దిగాయి, కాళ్ళు దిగాయి. దాని కింద అక్షరాలు ఒక్కొక్క గీత చొప్పున వచ్చాయి. నాలుగు. రెండు. సున్నా.

నాయన "చదువు పాపా" అన్నాడు. చదివాను. అది ట్రేడ్ డాలర్, వ్యాపారం కోసమని అమెరికా వేరుగా అచ్చేసిన వెండి డాలరు. తూర్పుదేశాల వర్తకులు మామూలు డాలరు వద్దంటే, వాళ్ళకోసం కొంచెం బరువు పెంచారట. గ్రెయిన్లంటే గింజలు కాదు, బరువు కొలత. నాలుగు వందల ఇరవై గ్రెయిన్లు దాని బరువు. ఫైన్ అంటే వెండి స్వచ్ఛత, వెయ్యిలో తొమ్మిదివందల వంతులు. బరువూ నాణ్యతా నాణెం మీదే రాసిచ్చారు, చేతికి తీసుకున్నవాడు మోసపోకూడదని. పోటు గుర్తులు చైనా వర్తకులవి. ఒక్కొక్కడూ పరీక్ష చేసి, మంచిదని తేల్చుకుని, తన ముద్ర కొట్టి వదిలేవాడట. నాయన ఇంకోసారి చదవమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. అయినా నా నోటితో వినాలనుకున్నాడు. ఆ అరగ్రాము ఎక్కువ బరువే దానికి సాక్ష్యం. మా నాయన త్రాసు నిజమే చెప్పింది, ఆయనే దాన్ని అబద్ధం కింద చదివాడు. "మా యమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. ప్రింటు తీయమని చెప్పి బయటికి పోయి రోడ్డు మీద నిలబడ్డాడు. నేను పోయేసరికి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

మరునాడే కృష్ణగిరికి పోయాం, అత్త దగ్గరికి. అత్త ఊరగాయకు మామిడికాయలు కొడుతోంది. నాయన కాయితం చూపించి అంతా చెప్పాడు. ఆమె కత్తి ఆపలేదు. చెప్పడం అయ్యాక, "నిజమైందా?" అంది. "నిజమైందే సరళా." ఇంకో కాయ తీసుకుని రెండుగా కొట్టింది. "నాకెందుకు చెప్తావన్నా ఇప్పుడు? నాకేం తక్కువైంది. ఆ తల్లికి పోయి చెప్పు." నేను ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు, మాకు కాఫీ పెట్టి ఇచ్చింది.

ఇప్పటి వాళ్ళకు ఈ కథ చెబితే, "ఫోను లేదు కదా పాపం, ఏం చేస్తారు" అంటారు. పోయిన నెల వచ్చిన కుర్రవాడికి చెప్పి ఉంటే వాడూ అదే అనేవాడు. వాడి ఫోను తప్పు చెబుతుందని కాదు నా అనుమానం. అప్పట్లో మాకు తెలియనిది ఎదురైతే "తెలియదు" అనే మనిషి ఆ ఇంట్లో ఒక్కడూ లేకపోయాడు. హెడ్మాస్టరుకు ఇంగ్లీషు తెలుసు, నాయనకు బరువు తెలుసు, నవ్వినవాళ్ళకు సెక్షను తెలుసు. ఇప్పుడు ఫోటో తీసి ఒక్క నిమిషంలో అసలో నకిలీయో తేల్చేసేవాళ్ళ ముఖాల్లోనూ నాకు అదే ధీమా కనిపిస్తుంది, వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

కృష్ణగిరి పోయి వచ్చిన ఆ వారం, ఆదివారం నాయన పెట్టె తెరవలేదు. నన్ను తీసుకుని సూళగిరి బస్సెక్కాడు. వాళ్ళ ఊరి బస్టాండు ముందర టీ అంగడిలో అడిగాడు, "గోపాలప్ప ఇల్లు యాడప్పా? చేమంతి తోట పెట్టుకోనుండారు, తల్లి పేరు మునెమ్మ." టీ పోసే ఆయన ఆలోచించాడు. బెంచీమీద వాళ్ళను అడిగాడు. గోపాలప్ప అంటే ఎవరికీ తెలియలేదు. నాయన గుర్తులు చెప్పగా చెప్పగా ఒకాయన తొడ చరుచుకున్నాడు. "ఓ, ఫోర్ ట్వంటీ అన్ననా! అట్ల చెప్పండి. నేరుగా పోండి, మలుపులో ఫోర్ ట్వంటీ ఇల్లు ఎవరన్నా చూపిస్తారు." చెప్పిన మనిషి గొంతులో వెటకారం లేదు. ఊళ్ళో నల్లాయన, పొట్టాయన అన్నట్టే అన్నాడు. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, చిన్నప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకున్నట్టు. దారిలో ఇంకెవరినీ అడగలేదు.

గోపాలప్ప మమ్మల్ని గుర్తుపట్టాడు. తోటలోనుంచి వచ్చి, చేతులు కడుక్కుని, మంచం వాల్చాడు. భార్యచేత మజ్జిగ ఇప్పించాడు. ఇద్దరు ఆడపిల్లలు గుమ్మంలో నిలబడి చూశారు. నాయన కాయితం తీశాడు, చెప్పాడు. మాటలు తడబడ్డాయి, మధ్యలో ఆగి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. గోపాలప్ప వింటూ ఉన్నాడు. ఆఖరికి నాయన, "తప్పు నాది అప్పా. ఒక్కసారి ఆ నాణెం చూపీ. మీ యమ్మను పిలువు, ఆయమ్మ ముందర చెప్తాను" అన్నాడు.

"మా యమ్మ పోయి శానా దినాలైందన్నా" అన్నాడు గోపాలప్ప. కాయితం మడిచి నాయనకు తిరిగిచ్చాడు. మా పక్క పోయినవాళ్ళ నొసట ఒక కాసు అతికిస్తారు, గుంటలో దించేముందు తీసేస్తారు. "ఆ బిళ్ళే నా నొసట పెట్టండి, పూడ్చేటప్పుడు తీయొద్దు అని అడిగింది. పైన మా మామ ఉంటాడు గదా, చూపించి ఆయన్నే అడుగుతాను, ఇది నిజమా అబద్ధమా అని, అనింది. తీయలేదన్నా. ఆయమ్మతోనే పోయింది."

అంతకాలం పూజ చేసిన మనిషి, మామ దొంగ కాదని మా గడపలో చెప్పి పోయిన మనిషి, చివరికి అనుమానంతో పోయింది. మా నాయన నోటినుంచి వచ్చిన ఒక్క మాట ఆమె గుండెలో అంతదూరం దిగింది. నాయన లేచి నిలబడి గోపాలప్పకు చేతులు జోడించాడు. గోపాలప్ప ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. కోపంగా లేడు, అలిసిపోయినట్టున్నాడు.

"నాకు చెప్పి ఏం లాభమన్నా? ఆ పొద్దు అందరి ముందర చెప్పితివి. ఇదీ అట్లే చెప్పు. నా బిడ్డలు స్కూలుకు పోతే ఫోర్ ట్వంటీ కూతుర్లంటా ఉండారు. పో, బస్టాండులో చెప్పు."

నాయన సరేనన్నాడు. తిరిగి ఆ టీ అంగడికి వచ్చాం. జన్మలో నలుగురి ముందు గొంతు పెంచి మాట్లాడని మనిషి, బెంచీ పక్కన నిలబడి, ప్రింటు కాయితం పైకెత్తి పట్టుకుని, ఉన్నవాళ్ళనందరినీ పిలిచి చెప్పాడు. నాణెం నిజమైందని, అంకె దాని బరువని, తనే తెలియక నకిలీదన్నానని, ఆ ఇంటివాళ్ళు నిక్కమైన మనుషులని. ఒకసారి తెలుగులో, ఒకసారి తమిళంలో చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక ముసలాయన కాయితం అడిగి తీసుకుని బొమ్మ మీద వేలు పెట్టి చూశాడు. కొందరు అయ్యో అన్నారు. నాయన ముఖంలో మళ్ళీ కొంచెం రక్తం వచ్చింది, బెంచీ మీద కూలబడ్డాడు.

టీ అంగడి ఆయన కళ్ళు తడిచాయి. రెండు టీలు మా ముందు పెట్టి, దుడ్డు వద్దన్నాడు. తరువాత లోపల పాత్రలు తోముతున్న భార్యకు వినపడేలా గట్టిగా కేకేశాడు.

"వింటివామే? మన ఫోర్ ట్వంటీ అన్న శానా మంచోడంట!"

హోసూరు బస్సు వచ్చేదాకా నాయన తల ఎత్తలేదు.